పెద్ద సిస్టరూ, మూతపడాల్సిన ఆసుపత్రీ

పోయిన నెల చిత్తూరు నుంచి ఒక కార్డు వచ్చింది. నల్ల అంచు, పైన సిలువ, మధ్యలో ఒక ముసలావిడ ఫొటో, కింద పేరు. ప్రభువునందు నిద్రించినారనీ, ఫలానా రోజు ఆదరణ కూడిక అనీ రాసి ఉంది. పేరు రెండుసార్లు చదివాను. ఆ పేరుగల మనిషి ఎవరూ నాకు తెలియదు. ఫొటో చూశాక మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆ చూపు ముందు వంగి కూర్చోవడం మాకెవరికీ అలవాటు లేదు.

మాకు ఆమె పెద్ద సిస్టరు. చిన్న సిస్టర్లు వచ్చారు, పోయారు. వాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పగలను. ఈమెను పేరుతో పిలిచిన మనిషిని నేను చూడలేదు.

చిన్నప్పటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటుంది. ఆ సంవత్సరాల పుస్తకాలు అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి చూశాను. 'పెద్ద సిస్టరు కోప్పడింది' అని చాలాచోట్ల ఉంది. ఎందుకు కోప్పడిందో ఎక్కడా లేదు. 'వాన. పెద్ద సిస్టరు కోప్పడింది.' 'తలనొప్పి. పెద్ద సిస్టరు కోప్పడింది.' దీన్నిబట్టి ఎవరూ ఏమీ తెలుసుకోలేరు. కాబట్టి డైరీ పక్కన పెట్టి, గుర్తున్నదే రాస్తున్నాను.

యుద్ధం రోజుల్లో రేణిగుంట దాటి పుత్తూరు పోయే దారిలో, రైలు పట్టాల పక్కన, సైన్యం వాళ్ళు ఒక ఆసుపత్రి పెట్టారు. ఆసుపత్రి అంటే భవనం కాదు. వెదురు తడికెల గోడలు, పైన బోదగడ్డి కప్పు, పొడుగాటి పాకలు, చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర ఒక సెంట్రీ. బర్మా వైపు గాయపడ్డవాళ్ళనూ, మలేరియా పట్టినవాళ్ళనూ రైలులో తెచ్చి అక్కడ దించేవాళ్ళు. నేను ఆఫీసు పాకలో గుమాస్తాను. వార్డులన్నీ పెద్ద సిస్టరువి. ఒక మేజరు డాక్టరు కూడా ఉండేవాడు. ఆయన కూడా ఆమె సొత్తే అన్నట్టు ఉండేవాడు.

పొట్టి మనిషి. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లటోపీ ముందు వచ్చేది, ఆమె వెనక వచ్చేది. చిత్తూరు క్రైస్తవుల బిడ్డ. ఇంగ్లీషు బాగా వచ్చుగాని, దాన్ని మందుల పేర్లకు మాత్రమే వాడేది. తక్కినదంతా మా వైపు తెలుగే. పంజాబీ సిపాయిలతో కూడా అదే మాట్లాడేది. వాళ్ళు నాలుగు రోజుల్లో అర్థం చేసుకునేవాళ్ళు, ఎందుకంటే ఆమె ఒక మాట రెండోసారి చెప్పేది కాదు.

పుండు మీద కట్టు విప్పడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. మంచం పక్కన నిలబడి, తీరుబడిగా, "ఏ ఊరప్పా నీది?" అనేది. అతను ఊరు చెప్పేవాడు. "ఆ ఊర్లో ఎవురి పిల్లోడివి?" అనేది. అతను తండ్రి పేరు చెప్పడానికి నోరు తెరిచేవాడు. ఆ క్షణంలో ఎండి అంటుకుపోయిన గుడ్డ ఊడి ఆమె చేతిలో ఉండేది. కొత్తగా వచ్చినవాడు ఒక్కసారే మోసపోయేవాడు. తర్వాత వార్డులో ఎక్కడ "ఏ ఊరప్పా" అని వినబడినా, అటువైపు మంచాల మీద వాళ్ళంతా ఇనుప కమ్మీలు గట్టిగా పట్టుకునేవాళ్ళు. ఒకసారి తనిఖీకి వచ్చిన కర్నల్ ఒకతణ్ణి మర్యాదకు ఊరు అడిగాడు. అతను పెద్దగా కేకపెట్టాడు.

పై అధికారులకు ఆమె ఎప్పుడూ కాదని చెప్పలేదు. "చేస్తాం సార్" అని ఒప్పుకొని, ఒక ప్రశ్న అడిగేది. ఆ కర్నలే వార్డులో రాగి సంగటి ముద్దలు చూసి, సిపాయిలకు బ్రెడ్డు పెట్టాలని ఉంటే ఇదేమిటన్నాడు. "నిలిపేస్తాం సార్. ఈ తట్టలు లాక్కునేటప్పుడు మీరు రవ్వంత పక్కన నిలబడతారా సార్?" అంది. కర్నల్ కంచాల వైపు చూశాడు, కంచాలు పట్టుకున్న చేతుల వైపు చూశాడు, పక్క వార్డుకు వెళ్ళిపోయాడు.

మనిషి లేని మంచాలకు కూడా దుప్పట్లు మార్పించేది. చాకలి గొణిగాడు.

"ఎవురూ పండుకోని దుప్పటికి ఉతుకేందమ్మా?"

"దుమ్ము పండుకునిండాది. ఉతుకు."

ఆ ఆసుపత్రి సిపాయిలకు మాత్రమే. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు లోపలికి రాకూడదు. టౌనుకు ఎద్దుల బండిలో పోవాలంటే ఒక పూట పట్టేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నొప్పులు పడుతున్న అమ్మాయిని బండిలో వేసుకొని ఎవరో గేటు దగ్గరికి వచ్చారు. సెంట్రీ మదనపల్లె వైపు కుర్రవాడు. తుపాకీ అడ్డం పెట్టాడు.

"సిపాయిలకే అమ్మా. ఆర్డరు అట్లుండాది. నేనేం చేసేది?" అన్నాడు.

పెద్ద సిస్టరు గేటు దాకా నడిచి వచ్చి బండిలోకి తొంగిచూసింది.

"సిపాయి కడుపులో ఉండాడు. లోపలికి వదులు."

సెంట్రీ ఆలోచించి తుపాకీ ఎత్తాడు. సాయంత్రానికి కాన్పు అయింది. ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికి వస్తే సెంట్రీ అడిగాడు.

"సిస్టరమ్మా, సిపాయి ఆడపిల్లంట గదా?"

"అయితే నర్సు. నీకెందుకు? గేటు చూసుకో."

ఆ తర్వాత రోజూ పొద్దున ఒక గంట గేటు దగ్గర బల్ల వేయించి, వచ్చిన పల్లెవాళ్ళకు పుండ్లు కడగడం, కళ్ళలో మందు వేయడం మొదలుపెట్టింది. బల్ల గేటుకు బయట ఉండేది. ఆర్డరు లోపలికి రాకూడదనే కాబట్టి ఎవరూ ఏమీ అనలేకపోయారు. కాన్పులను మాత్రం లోపలికే తీసుకునేది. వాటికి ఎవరి ఆర్డరూ అడగలేదు.

యుద్ధం ముగిసింది. ఇక ఈ ఆసుపత్రిని ఏం చేయాలన్నది పైవాళ్ళకు మూడు ప్రశ్నలుగా కనిపించింది. పాకలు తీసేసి పక్కా కట్టడం కట్టాలా? ఉన్నదానికే ఖాళీ ఉద్యోగాల్లో మనుషుల్ని వేయాలా? మూసేయాలా? మూడు ప్రశ్నలకు మూడు ఆఫీసులు జవాబులిచ్చాయి. మూడూ అవుననే.

మొదట కట్టడం వాళ్ళు వచ్చారు. అరవ లెక్కలో ఐప్పసి నెలలో, మా వైపు వానలు దిగే ముందర, అన్నిటికన్నా పెద్ద పాక కప్పు పీకేశారు. బోద స్థానంలో పెంకులు వేస్తారట. పెంకులు మంగళూరు నుంచి బయలుదేరాయని చెప్పారు. అవి ఏ ఊరు చేరాయో నాకు ఇప్పటికీ తెలియదు. వానలు మాత్రం సరిగా చేరాయి. పెద్ద సిస్టరు ఆ పాకలోని మంచాలన్నీ తక్కిన పాకల్లో ఒకదానికొకటి ఆనించి వేయించింది. నేలంతా చిత్తడి, తడికెలకు బూజు. ఒక సిపాయి నిద్రలో పక్కకు దొర్లితే పక్కవాడి మంచంలో ఉండేవాడు.

ఎండలు ముదిరాక మనుషులు వచ్చారు. అప్పటికి రోగులు ఇళ్ళకు పోతున్నారు. ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు, కుర్చీ రాలేదు. ఒక ఎక్స్‌రే ఆయన వచ్చాడు, మెషీను రాలేదు. ఆయన మాత్రం పద్ధతి తప్పకుండా రోజూ తన గది కిటికీలకు నల్లగుడ్డలు బిగించి, గది చీకటయిందని నమ్మకం కుదిరాక, బయట స్టూలు వేసుకొని కూర్చునేవాడు. పెద్ద సిస్టరు కొన్నాళ్ళు చూసింది. తర్వాత ఆ గదిలో వరిగడ్డి పరిపించి మామిడికాయలు మాగబెట్టించింది. అంత చక్కగా మాగిన బేనీషాలు మళ్ళీ నేను తినలేదు. ఎక్స్‌రే ఆయన కూడా అదే మాట అన్నాడు.

ఆ మనుషులను మళ్ళీ వేరేచోట్లకు మార్చారు. మేజరు డాక్టరు కూడా సైన్యం ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. సెంట్రీని ఎత్తేశారు. పెద్ద సిస్టరు నాచేత జిల్లా అధికారులకు ఒక అర్జీ రాయించింది. పాకలన్నీ మాకొద్దు, పట్టాల వైపున్న ఒక్క పాక కాన్పులకు వదిలిపెట్టండి, జీతం ఏదైనా నేనుంటాను, అని. నేను మర్యాదగా రెండు పేజీలు రాశాను. ఆమె చదివి రెండో పేజీ చించేసింది. "ఒగ పాక అడిగేదానికి రెండు పేజీలేందప్పా?" అంది. ఆ అర్జీకి జవాబు వచ్చేదాకా ఆసుపత్రి మూతపడకుండా ఉండాలి. మూతపడ్డాక పాకలు వేలం వేస్తారు. అందరికీ తెలిసిన సంగతే.

జవాబు రాకముందే కెప్టెను వచ్చాడు.

ఆయనది వేలూరు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. తెలుగు బాగానే వచ్చు. అంతకుముందు ఇంకా ఎక్కడెక్కడో ఆసుపత్రులు మూసి వచ్చాడు. ఇది మూస్తే ఆయనకూ సైన్యం నుంచి విడుదల. వేలూరులో భార్యా, ఆయన ఇంకా చూడని పసిబిడ్డా ఎదురుచూస్తున్నారు. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో తాళాల గుత్తి పట్టుకొని రైలు దిగి నడిచి వచ్చాడు.

"వార్డులన్నీ ఖాళీయేనామ్మా?" అన్నాడు.

"ఖాళీయే సార్."

"సరి, సరి. అయితే రేపే తాళం వేసేద్దాం."

"వేసేద్దాం సార్. అవ్వను లోపల పెట్టి వేసేదా, బయట పెట్టి వేసేదా?"

"ఏ అవ్వ?"

పెద్ద సిస్టరు ఆయన్ని పట్టాల వైపు పాకలోకి తీసుకుపోయింది.

అవ్వది పుత్తూరు అవతల పల్లె. కొడుకు సైన్యంలో ఉన్నాడు. ఎక్కడో సింగపూరు వైపు ఉన్నాడనీ, క్షేమమేననీ జాబు వచ్చింది. ఆ సంతోషంలో కొండకు నడిచి వస్తానని మొక్కుకుంది. మెట్ల మీద జారి తొంటి విరగ్గొట్టుకుంది. సిపాయిల తల్లిదండ్రులను ఖాళీ మంచాల్లో చేర్చుకోవచ్చని యుద్ధం చివర్లో ఒక ఆర్డరు వచ్చి ఉంది. ఆ ఆర్డరు సంగతి పెద్ద సిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మేజరు డాక్టరు వెళ్ళిపోయే ముందు అవ్వ కాలికి తాడు కట్టి, కప్పీ మీదుగా ఇసుక సంచి వేలాడదీయించి, మూడు నెలలు కదపవద్దని చెప్పాడు.

పేషెంటు మంచం మీద ఉండగా ఆసుపత్రి మూయకూడదు. పేషెంటును వేరే ఆసుపత్రికి పంపాలంటే డాక్టరు సంతకం కావాలి. డాక్టరు లేడు. పేషెంటు తనంతట తాను పోతానంటే ఎవరి సంతకమూ అక్కరలేదు. ఈ మూడు సంగతులూ కెప్టెనుకు తెలుసు. పెద్ద సిస్టరుకూ తెలుసు. అవ్వకు తెలియదు.

కెప్టెను ఉండిపోయాడు. రోజూ పొద్దున కాఫీ తాగి, అవ్వ మంచం దగ్గరికి వచ్చి, కాలి వైపు ఆశగా చూసేవాడు.

"ఎట్లుందమ్మా కాలు?"

"ఏముండాది నాయనా. బాయిలో చేదను యాలాడేసినట్టు యాలాడేసినారు. నీళ్ళు ఎప్పుడు వస్తాయో ఏమో."

ఆయన పెద్ద సిస్టరు వైపు చూసేవాడు. "ఇంకా అతకలేదు సార్" అనేది ఆమె. ఆయన తలూపి, గేటు పక్కన వేపచెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. ముసలామెను వెళ్ళిపొమ్మని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. ఒకరోజు, "అమ్మా, ఇంటి మీద బెంగగా లేదా?" అని మాత్రం అడిగాడు.

"నాకేం బెంగ? నీకు ఉన్నట్టుండాది. పోయి రా నాయనా" అంది అవ్వ.

అయితే అవ్వ పుత్తూరు మాట మాత్రం వచ్చిన రోజు నుంచీ అంటూనే ఉంది. విరిగిన ఎముకలకు పుత్తూరులో కట్టు కడతారని మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. ఎద్దుకూ అక్కడికే, మనిషికీ అక్కడికే. పెద్ద సిస్టరుకు ఆ పేరు వింటే ఒళ్ళు మంట. అక్కడి కట్టు వంకరగా అతుక్కొని వచ్చిన చేతులు ఆమె చూసి ఉంది. చక్కగా అతుక్కున్నవాళ్ళు ఆసుపత్రికి రారు కాబట్టి వాళ్ళను చూసి ఉండదు. "మీ తమ్ముడు రానీ అవ్వా, సూద్దాం" అని దాటవేస్తూ వచ్చింది. తమ్ముడు శెనక్కాయ విత్తనం పనిలో ఉన్నాడు.

విత్తనం అయిపోయింది. తమ్ముడు బండి కట్టుకొని వచ్చాడు.

పెద్ద మీసాలు, భుజం మీద తువ్వాలు, చేతిలో ఒక అరటిగెల. గేటు పక్కన యూనిఫారం వేసుకొని, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్న కెప్టెనును చూసి, అక్కను లోపల పెట్టి కాపలా కాస్తున్న మనిషి ఈయనేనని తేల్చుకున్నాడు. గెల ఆయన కాళ్ళ దగ్గర పెట్టి చేతులు జోడించాడు.

"సామీ, మా అక్క ఏం తప్పు చేసిండాదో నాకు తెలీదు. ముసిలిది. నోరు రొంత జాస్తి. మీరు పెద్ద మనసు చేసుకోని దాన్ని వదిలిపెట్టల్ల."

కెప్టెను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"తీసుకుపో అప్పా. ఇప్పుడే తీసుకుపో. నేనూ ఒక చెయ్యి వేస్తాను."

పూటంతా బతిమాలడానికి సిద్ధపడి వచ్చిన తమ్ముడికి అనుమానం వచ్చింది. రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఇంత బిన్నా ఒప్పుకుంటాండారే... అక్క బతికే ఉండాదా సామీ?"

"బతికే ఉంది. ఆమె ఒక్కతే ఉంది కాబట్టే నేనూ ఉన్నాను. ఆమె పోతే ఆసుపత్రి మూసి నేను మా ఊరు పోతాను" అన్నాడు కెప్టెను.

తమ్ముడు పాకలోకి పరుగెత్తాడు. కెప్టెనూ నేనూ వెనక వెళ్ళాం. పెద్ద సిస్టరు అవ్వకు తల దువ్వుతోంది. తమ్ముడు కాలినీ, తాడునూ, ఇసుక సంచినీ చూసి నోరు నొక్కుకున్నాడు.

"ఏందక్కా ఇది, నిన్ను కట్టేసినారు!"

"కట్టెయ్యలేదప్పా" అంది పెద్ద సిస్టరు. "ఎముక ఒగదాని మింద ఒగటి ఎక్కకుండా బరువు లాగతా ఉండాది. ఇంగొక నెల అట్లే ఉండల్ల. ఇప్పుడు కదిపితే చేసిందంతా పోతాది."

"పుత్తూరులో ఒగ కట్టు కడితే అయిపోయే దానికి నెల ఏందమ్మా? మా ఎద్దు కాలు విరిగితే..."

"మీ అక్క ఎద్దు కాదు."

"ఎద్దే బాగైనప్పుడు అక్క బాగు కాదా?"

అవ్వ చెయ్యెత్తి ఇద్దరినీ గమ్మునుండమంది. తమ్ముణ్ణి అడిగింది.

"పరుగెత్తుకోని వచ్చినావే, బయట ఆ నాయన నీకేం చెప్పినాడు?"

"నువ్వు పోతే ఈ ఆసుపత్రి మూసేస్తారంట. నువ్వొక దానివే ఉండావంట ఇందులో."

అవ్వ అటూ ఇటూ చూసింది. పడుకునే ఉంది కాబట్టి అన్నాళ్ళూ ఆమెకు కనబడింది పైకప్పే. తక్కిన మంచాల మీద మనుషులు ఉన్నారో లేరో ఎవరూ చెప్పలేదు. తర్వాత పెద్ద సిస్టరు మొహంలోకి చూసింది.

"అట్లనా సిస్టరమ్మా? నా కాలు కోసరం ఆసుపత్రి పెట్టినారా, ఆసుపత్రి కోసరం నా కాలు పెట్టినారా?"

"రెండూ అవ్వా."

"ముందర ఏది?"

"మొదట్లో మీ కాలే."

"ఇప్పుడు?"

పెద్ద సిస్టరు దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు ఒక్కొక్కటే తీసి వేలికి చుట్టుకుంది.

"మీకు నిజంగా పుత్తూరికే పోవాలని ఉండాదా?" అంది చివరికి.

"ఉండాది తల్లీ. నువ్వు నిండా బాగా చూసుకున్నావు. కాదనను. మా ఊర్లో అందరి కాళ్ళూ ఆడనే బాగైనాయి. నా కాలొకటి ఈడ పరాయి దాని మాదిరి ఉండాది."

పెద్ద సిస్టరు లేచి ఇసుక సంచిని రెండు చేతులతో పట్టుకొని, నెమ్మదిగా, తాడు జర్రున జారకుండా కిందికి దించింది. పెద్దగా కేక వేసి వంటమనిషిని పిలిచింది. చంక నుంచి పాదం దాకా వచ్చే పొడుగు చెక్క తెప్పించి, మెత్తటి గుడ్డలు చుట్టి, అవ్వ కాలికి దగ్గరుండి బిగించింది. ఈ చెక్కను పుత్తూరులో విప్పేస్తారని ఆమెకు తెలుసు. అయినా మడత రాకుండా కట్టింది.

మంచం మీద పరుపుతో సహా అవ్వను ఎత్తి బండిలో పెట్టాం. కెప్టెను కాళ్ళ వైపు పట్టుకున్నాడు. బండిలో పెట్టాక ఆయనకు గుర్తొచ్చింది.

"అమ్మా, పరుపు లెక్కలో ఉంది."

"పుత్తూరికి పోయిందని రాసుకోండి సార్."

ఆమె బండెక్కి అవ్వ తల దగ్గర కూర్చుంది. గొడుగు పట్టుకోవడానికి మనిషి కావాలని నన్నూ ఎక్కమంది. దారంతా ఆమె తమ్ముణ్ణి తిట్టింది. గుంతల్లో తోలాడని తిట్టింది. గుంతలు తప్పించాడు, ఆలస్యమవుతోందని తిట్టింది. అవ్వ నవ్వింది. నొప్పికి మధ్యమధ్యలో కళ్ళు మూసుకుంది.

పుత్తూరులో కట్టు కట్టే ఆయన వసారాలో కూర్చొని ఉన్నాడు. గంజి పెట్టిన టోపీ బండిలోంచి దిగడం చూసి లేచాడు. పెద్ద సిస్టరు ఏ ఎముక, ఎక్కడ విరిగింది, ఎన్నాళ్ళు బరువు లాగింది అన్నీ ఆయనకు చెప్పింది. ఆయన అన్నీ విని, "సరేనమ్మా" అని, చెక్క విప్పాడు. నూనె రాసి, ఆకు పసరు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఆమె రెండుసార్లు చెయ్యి అడ్డం పెట్టింది. ఆయన రెండుసార్లు ఆ చెయ్యి మర్యాదగా పక్కకు జరిపాడు. మూడోసారి ఆమె చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది. అవ్వ కట్టు వంక చూసుకొని, మొదటిసారిగా, "ఇంగ నిద్రపోతాను" అంది.

తర్వాత చాలా నెలలకు పుత్తూరు సంతలో తమ్ముడు నాకు కనబడ్డాడు. అక్క నడుస్తోందట, ఒక కాలు కాస్త పొట్టి అట. "కట్టు మహిమ" అన్నాడు. ఆ మాట పెద్ద సిస్టరుకు జాబు రాస్తే, "నా ఇసుక సంచి మహిమ. పొట్టి అయింది కట్టు వల్ల" అని జవాబు వచ్చింది. ఎవరిది నిజమో నాకు తెలియదు. మూడు నెలలూ నిండి ఉంటే అన్న మాట ఆమె రాయలేదు.

ఆ సాయంత్రం పుత్తూరు నుంచి రైలులో వెనక్కి వచ్చాం. కెప్టెను గేటు దగ్గరే ఉన్నాడు. తాళం వేయలేదు.

"అర్జీకి జవాబేమైనా వచ్చిందా సార్?" అంది ఆమె.

"రాలేదమ్మా."

"అయితే పొద్దన్నే మూసేద్దాం. పాలవాడికి చెప్పల్ల, చాకలికి చెప్పల్ల. చీకట్లో మూసేదానికి మనమేం దొంగలమా?"

మర్నాడు పొద్దున పాకలన్నిటికీ తాళాలు వేశాం. కెప్టెను ఒక్కో తాళం వేసి రెండుసార్లు లాగి చూశాడు. పట్టాల వైపు పాక దగ్గరికి వచ్చేసరికి తాళంచెవి ఆమె చేతికిచ్చాడు. ఆమె వేసి, లాగి చూడకుండానే చెవి ఆయనకిచ్చేసింది. చివరికి గేటు. గేటుకు గొలుసు చుట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు. ఆమె తన ట్రంకుపెట్టె రోడ్డు పక్కన పెట్టుకొని నిలబడింది. నేను ఆసుపత్రి మూసినట్టు రిపోర్టు రాసి, ఆ రోజు తేదీ వేసి, సంతకానికి పట్టుకొని ఉన్నాను. ఆయన కోసం రేణిగుంట నుంచి వచ్చిన జీపు సిద్ధంగా ఉంది. రేణిగుంటలో రైలుకు సమయం ఉంది. కెప్టెను వేలూరు పోయే మనిషి నవ్వే నవ్వు అప్పుడే మొదటిసారి నవ్వాడు.

అప్పటికే జనం రావడం మొదలయింది. రోజూ పొద్దున వచ్చేవాళ్ళే. చెయ్యి కాలినవాడు, కళ్ళు పుసులు కట్టిన బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, అరికాల్లో ముల్లు విరిగినవాడు. గేటుకు ముద్ర చూశారు, పెద్ద సిస్టరును చూశారు. వాళ్ళకు తెలిసిన ఆసుపత్రి గేటుకు బయటే కాబట్టి, ముద్ర సంగతి ఎవరూ అడగలేదు. అలవాటు ప్రకారం వరసగా కూర్చున్నారు.

ఆమె కెప్టెను వైపు చూడలేదు. ట్రంకుపెట్టె తెరిచి, సీసాలూ, దూదీ, కత్తెరా తీసి నేల మీద తుండుగుడ్డ పరిచి పెట్టింది. పెట్టె మూసి దాని మీద కూర్చుంది. ఆ సీసాలు లెక్కలోవా, ఆమె సొంతమా అని కెప్టెను అడగలేదు. మొదటివాణ్ణి పిలిచింది.

మేము జీపు దగ్గర నిలబడి ఉన్నాం. ఎండ ఎక్కింది. ఒకరు లేచిపోతే ఇద్దరు వచ్చి కూర్చుంటున్నారు. ఆసుపత్రి మూస్తున్నారన్న మాట పల్లెలకు పాకినట్టుంది. ఎప్పుడూ రానివాళ్ళు కూడా వస్తున్నారు. రేణిగుంట వైపు నుంచి రైలు కూత వినబడింది. కెప్టెను చేతి గడియారం చూసుకొని, చూసుకోనట్టు చెయ్యి దించాడు.

"సార్" అంది పెద్ద సిస్టరు, తల ఎత్తకుండానే. "చేతులు ఖాళీగా ఉంటే ఈయన మోచెయ్యి రవ్వంత పట్టుకుంటారా?"

కెప్టెను టోపీ తీసి జీపులో పెట్టాడు. వచ్చి, రోడ్డు దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చొని, ఆ మనిషి మోచెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. కాలిన చెయ్యి. వాసనకు ఆయన మొహం తిప్పుకోలేదు. అట్లా పట్టుకొని ఉండగానే నన్ను పిలిచాడు.

"రిపోర్టులో ఈరోజు తేదీ వేశావా?"

"వేశాను సార్."

"కొట్టేసి రేపటిది వెయ్యప్పా."

వేశాను.